ఇన్వర్టరు కన్నా ముందు న్యూట్రల్‌ను, ఎర్తింగ్‌ను చూసుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

ఈదురుగాలులు, ఉరుములు మెరుపుల కాలం దగ్గరపడగానే విద్యుత్ అంతరాయాలకు ఇంటిని ఎలా సిద్ధం చేసుకోవాలో చెప్పే సూచనలు పత్రికల్లో కనిపిస్తాయి. టార్చిలైటు ఎక్కడ పెట్టుకోవాలి, ఫోను ఎప్పుడు చార్జి చేసుకోవాలి, ఎంత సామర్థ్యమున్న ఇన్వర్టరు కొనాలి అన్న దగ్గరే అవి చాలావరకు ఆగిపోతున్నాయి. అవి పనికొచ్చే సూచనలే గానీ, వాటిని చదివినవారికి నష్టమంతా కరెంటు లేనప్పుడే జరుగుతుందన్న అభిప్రాయం మిగులుతుంది. కరెంటు లేనందువల్ల కాలిపోయిన టీవీ గానీ, ఫ్రిజ్ గానీ ఎక్కడా ఉండదు. అవి కాలేది కరెంటు గతి తప్పి వస్తున్నప్పుడు, లేదా పోయి తిరిగి వచ్చే ఆ కొద్ది క్షణాల్లో. అందుకే ఇంటి రక్షణకు పెట్టే ఖర్చులో మొదటి భాగం బ్యాటరీకి కాక న్యూట్రల్‌కు, ఎర్తింగ్‌కు, మీటరు పక్కనున్న డిస్ట్రిబ్యూషన్ బోర్డుకు దక్కాలన్నది నా వాదన. దాన్ని కొంచెం వివరంగా చెప్పడానికి మీ లేఖల శీర్షికలో చోటు కోరుతున్నాను.

జనం 'హైవోల్టేజీ' అని ఒకే మాటతో చెప్పుకునేదానిలో రెండు వేర్వేరు ప్రమాదాలున్నాయి. ఒకటి సర్జ్. పిడుగు దగ్గర్లో పడినప్పుడో, సరఫరా లైన్లలో పెద్ద స్విచ్చులు వేసి తీసినప్పుడో, ఇంట్లోనే మోటారు లాంటిది ఆగినప్పుడో తీగల్లో వోల్టేజీ ఒక్కసారి ఎగసి, సెకనులో లక్షల వంతుల కాలంలోనే అణగిపోతుంది. రెండోది నిమిషాలు, ఒక్కోసారి గంటలు కొనసాగే అధిక వోల్టేజీ. మొదటిదాని గురించి ప్రకటనలు వినిపించినంతగా రెండోదాని గురించి ఎవరూ చెప్పరు. కానీ ఒకే వీధిలో నాలుగైదు ఇళ్ల టీవీలు, చార్జర్లు, ఫ్రిజ్‌లు ఒకే పూట పాడయ్యాయని వింటే, పిడుగు పడిన దాఖలా లేకపోతే, ముందుగా అనుమానించవలసింది ఆ రెండోదాన్నే.

దానికి అన్నిటికన్నా సాధారణమైన కారణం న్యూట్రల్ తెగడం. 230 వోల్టుల సరఫరా ఉన్న చోట ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు (కరెంటు తెచ్చే తీగలు), ఒక న్యూట్రల్ (అది తిరిగి వెళ్లే తీగ) బయలుదేరతాయి. ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కు మధ్య 230 వోల్టులు, ఏ రెండు ఫేజుల మధ్యనైనా దాదాపు 400 వోల్టులు ఉంటాయి. ఇళ్లను ఈ మూడు ఫేజులకూ పంచి కలుపుతారు. న్యూట్రల్ మాత్రం అందరిదీ ఒకటే. ఆ ఒక్క తీగ స్తంభం మీద తెగినా, జాయింటు తుప్పు పట్టి వదులైనా, వేర్వేరు ఫేజుల మీదున్న ఇళ్లు ఒకదానితో ఒకటి వరుసగా ముడిపడి ఆ 400 వోల్టులను పంచుకోవలసి వస్తుంది. ఆ పంపకంలో న్యాయం ఉండదు. గీజరో, నీళ్ల మోటారో నడుస్తున్న ఇంటికి తక్కువ వోల్టేజీ మిగిలితే, ఒక బల్బు, ఒక టీవీ మాత్రమే నడుస్తున్న ఎదురింటికి 300 వోల్టులు దాటి వెళ్లిపోతుంది. అంటే పొదుపుగా వాడుకుంటున్న ఇంటికే ఎక్కువ నష్టం. ఇంట్లోనే మూడు ఫేజుల సరఫరా ఉంటే ఇదే వైపరీత్యం గదుల మధ్య కనిపిస్తుంది: ఒక గదిలో దీపం మసకబారుతుంది, ఫ్యాను ఈడుస్తున్నట్టు తిరుగుతుంది, పక్క గదిలో అదే క్షణాన దీపం మామూలుకన్నా తెల్లగా మండుతుంది, ఫ్యాను చప్పుడు పెరుగుతుంది. ఈ గుర్తు కనిపిస్తే కారణం వెతుకుతూ కూర్చోకుండా ముందు మెయిన్ ఆపాలి, తరువాత సరఫరా సంస్థకు ఫోన్ చేయాలి. ఈ రెండు పనుల వరుస మారితే ఫోను మోగేలోగానే నష్టం జరిగిపోతుంది.

న్యూట్రల్ తెగేది వీధిలోనే అనుకోనక్కర్లేదు. మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చేత డిస్ట్రిబ్యూషన్ బోర్డు మూత తీయిస్తే, న్యూట్రల్ తీగలన్నీ వచ్చి కలిసే ఇత్తడి పట్టీ కనిపిస్తుంది. చాలాకాలం ఎవరూ ముట్టుకోని బోర్డులో ఆ పట్టీ మీది ఒకటి రెండు స్క్రూలు స్క్రూడ్రైవరు పెట్టగానే పావు చుట్టు తిరుగుతాయి. ఆ స్క్రూ కిందికి వెళ్లే తీగ తొడుగు రంగు మారి, అంచున పొక్కి, గోటితో గీరితే పొడిపొడిగా రాలుతుంది. కొంతకాలంగా అక్కడ వేడి పుడుతూ ఉందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. మూడు ఫేజుల ఇంట్లో మెయిన్ నుంచి వచ్చే న్యూట్రల్ తీగను పట్టి ఉంచే స్క్రూ పూర్తిగా వదిలేస్తే వీధిలో జరిగేదే ఇంట్లోనూ జరుగుతుంది. ఏడాదికోసారి ఆ స్క్రూలన్నీ బిగింపజేసుకోవడానికి పట్టే సమయం అరగంట కూడా ఉండదు. అయినా బోర్డు మూత తీయడం అన్నది ఏదైనా కాలినప్పుడు తప్ప జరగడం లేదు.

ఇక స్పైక్ గార్డు పేరుతో అమ్మే ఎక్స్‌టెన్షన్ బోర్డుల సంగతి. వాటిలో పని చేసేది వారిస్టర్ అనే చిన్న గుండ్రటి బిళ్ల. ముఖ్యంగా జింక్ ఆక్సైడ్‌తో చేస్తారు. మామూలు వోల్టేజీ దగ్గర అది కరెంటును దాదాపుగా ప్రవహించనివ్వదు, హద్దు దాటితే ఒక్కసారిగా దారి ఇచ్చి ఎక్కువైనదాన్ని పక్కకు మళ్లిస్తుంది. చెరువుకు అలుగు ఉన్నట్టు అనుకోవచ్చు. కానీ అలుగు ఒక పూట వరదకే గానీ, ఏరునే చెరువులోకి మళ్లిస్తే నిలవదు. 230 వోల్టుల సరఫరాకు వాడే వారిస్టర్లు చాలావరకు 275 వోల్టుల వరకు ఎడతెగకుండా తట్టుకునేలా తయారవుతాయి. న్యూట్రల్ తెగి 350 వోల్టులు నిమిషాల తరబడి వస్తే ఆ బిళ్ల వేడెక్కి, పగిలి, కొన్నిసార్లు అంటుకుంటుంది. అలా పోయిన బోర్డును విప్పితే లోపల బిళ్ల రెండు చెక్కలై, ప్లాస్టిక్ గోడకు మసి పట్టి ఉంటుంది. మంచి రకాల్లో వేడెక్కగానే వారిస్టర్‌ను సరఫరా నుంచి తప్పించే థర్మల్ ఫ్యూజు ఉంటుంది. నాసి రకాల్లో ఉండదు.

పైగా వారిస్టర్ ప్రతి దెబ్బకూ కొంత కొంత అరుగుతుంది. కొన్నేళ్లుగా గోడకు వేలాడుతున్న స్పైక్ గార్డులో రక్షణ మిగిలి ఉందో లేదో ఆ బోర్డు మీద వెలిగే ఎర్ర దీపం చెప్పదు, ఎందుకంటే చాలా బోర్డుల్లో ఆ దీపానికి తెలిసింది కరెంటు ఉందా లేదా అన్నది మాత్రమే. రక్షణ ఉన్నంతకాలం వెలిగే ప్రత్యేకమైన దీపం ఉన్నదాన్నే కొనాలి, అది ఆరిపోయిన నాడు బోర్డు మార్చాలి. ఎంత శక్తిని తట్టుకోగలదో చెబుతూ డబ్బా మీద అచ్చువేసే జౌళ్ల అంకె చూసి మురిసిపోవడం కన్నా ఇది ఉపయోగం.

మరి కొనసాగే అధిక వోల్టేజీకి అడ్డు ఏమిటి? మెయిన్ తరువాత బోర్డులోనే అమర్చుకునే ఓవర్ అండ్ అండర్ వోల్టేజీ ప్రొటెక్టర్. వోల్టేజీ మనం పెట్టిన హద్దు దాటగానే, ఉదాహరణకు 270 వోల్టులు మించగానే, అది ఇంటి మొత్తానికి సరఫరా తెంపేస్తుంది. మరీ తగ్గినా అంతే చేస్తుంది. వోల్టేజీ కుదుటపడి, మనం పెట్టిన వ్యవధి గడిచాకే తిరిగి కలుపుతుంది. ఇంతకన్నా తక్కువ ఆర్భాటంతో ఎక్కువ మేలు చేసే పరికరం ఇంటి విద్యుత్ సామగ్రిలో మరొకటి లేదని నా అభిప్రాయం. బోర్డులో ఫ్యూజు స్థానంలో ఉండే ఎంసీబీ ఈ పని చేయదు. అది తీగలో కరెంటు మితిమీరినప్పుడే పడుతుంది, వోల్టేజీ ఎంత ఉందో దానికి పట్టదు. స్టెబిలైజరు కొంతవరకు చేస్తుంది గానీ, దాని లోపలి రిలే కదిలేలోగా సర్జ్ వచ్చి వెళ్లిపోయి ఉంటుంది. అదీగాక ఏసీకి పెట్టిన స్టెబిలైజరు ఏసీనే కాపాడుతుంది, పక్క గదిలోని రూటరును కాదు.

సర్జ్‌కు సరైన విరుగుడు కూడా బోర్డు దగ్గరే మొదలవ్వాలి. అంతర్జాతీయ ప్రమాణాలు సర్జ్ రక్షణ పరికరాలను మూడు టైపులుగా విడదీశాయి: భవనానికి పిడుగు కడ్డీ ఉన్నప్పుడు మెయిన్ దగ్గర పెట్టే టైప్ 1, మామూలు ఇళ్ల డిస్ట్రిబ్యూషన్ బోర్డులో పెట్టే టైప్ 2, పరికరం పక్కన పెట్టే టైప్ 3. బల్ల మీది స్పైక్ గార్డు ఈ మూడో వరసలోది. ముందు వరసలు లేకుండా దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవడం తగదు. టైప్ 2 పరికరం బిగించేటప్పుడు ఎలక్ట్రీషియన్లు తరచుగా పట్టించుకోని సంగతి ఒకటుంది. దాన్ని ఫేజుకు, ఎర్తుకు కలిపే తీగల మొత్తం పొడవు అర మీటరు మించకూడదు. సర్జ్ లాంటి వేగమైన ప్రవాహానికి తిన్నటి రాగి తీగ కూడా అడ్డుపడుతుంది. పది వేల యాంపియర్లు పది మైక్రోసెకన్లలో ఎగసినప్పుడు ఒక్క మీటరు తీగ మీదనే సుమారు వెయ్యి వోల్టులు నిలుస్తాయి, అవి ఇంట్లోని పరికరాల మీద అదనంగా పడతాయి. చూడటానికి పొందికగా ఉంటుందని ఆ తీగను బోర్డు చుట్టూ తిప్పి తెస్తే కొన్న పరికరం సగం వృథా అయినట్టే.

సర్జ్ అనేది కరెంటు తీగ వెంటే రావాలని కూడా లేదు. డాబా మీది డిష్ నుంచి దిగే కేబులు, రాగి టెలిఫోను తీగ, ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు లాగిన నెట్‌వర్కు తీగ కూడా దానికి దారులే. టీవీ ప్లగ్గు తీసి డిష్ కేబులు అలాగే వదిలేసేవారు సగం పనే చేస్తున్నారు. నేరుగా ఇంటి మీదో, సర్వీసు వైరు మీదో పడే పిడుగు నుంచి పూచీ ఇవ్వగల పరికరం ఏదీ లేదు కాబట్టి, మబ్బు పట్టినప్పుడే ప్లగ్గులూ కేబుళ్లూ తీసేయడం అన్నిటికన్నా భద్రం. ఉరుములు నెత్తిన వినిపిస్తున్నప్పుడు మాత్రం వాటి జోలికి పోకూడదు. అప్పుడు టీవీకన్నా మనిషి ముఖ్యం.

ఎర్తింగ్ సరిగా లేని ఇంట్లో ఇప్పటిదాకా చెప్పిన సర్జ్ రక్షణలో చాలా భాగం పనిచేయదు. సర్జ్‌ను మళ్లించడానికి దారంటూ ఉండాలి కదా. భూమిలోని ఎర్తు పిట్ మాట అటుంచితే, గదిలో కనిపించే అపచారాలే ఎక్కువ: మూడు పిన్నుల ప్లగ్గు రెండు రంధ్రాల సాకెట్టులో పట్టడం లేదని పెద్ద పిన్నును విరిచేయడం, లోపల రెండే తీగలున్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు మూడు రంధ్రాల సాకెట్లు బిగించి అమ్మడం, ఎర్తు తీగ మీటరు దాకా వచ్చి అక్కడే చుట్టగా మిగిలిపోవడం. ఎర్తు రెసిస్టెన్సును, అంటే కరెంటు భూమిలోకి దిగడానికి ఎదురయ్యే అడ్డును, ఎర్తు టెస్టరుతో కొలిపించి ఆ అంకెను, తేదీని బోర్డు మూత లోపల రాయించి పెట్టుకుంటే, మరుసటిసారి కొలిచినప్పుడు పెరిగిందో లేదో తెలుస్తుంది. దీనితోపాటు, కరెంటు దారి తప్పి భూమిలోకి లీకైతే సరఫరా తెంపే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ప్రతి ఇంట్లో ఉండాలి. అది పరికరాల కోసం కాదు, షాకు కొట్టినప్పుడు మనిషి ప్రాణం కోసం. దాని మీది టెస్ట్ బటన్‌ను ఎన్నడూ నొక్కి చూడని ఇళ్లే ఎక్కువ. నొక్కితే పడని ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే.

కరెంటు పోయాక చేయవలసింది చాలా కొద్ది. ఏసీ, ఫ్రిజ్, మోటారు, గీజరు, కంప్యూటరు స్విచ్చులు ఆపి, కరెంటు వచ్చిందని తెలియడానికి ఒక్క దీపం స్విచ్చు మాత్రం వేసి ఉంచాలి. సరఫరా తిరిగి ఇచ్చిన క్షణంలో ఆ ఫీడరు (ఆ ప్రాంతానికి సరఫరా తెచ్చే లైను) మీది ఇళ్లన్నీ ఒకేసారి లోడు లాగుతాయి కాబట్టి వోల్టేజీ కాసేపు ఊగిసలాడుతుంది, ఒకటి రెండుసార్లు వచ్చి పోతుంది కూడా. కంప్రెసరుతో నడిచే ఫ్రిజ్, ఏసీలకు ఈ రాకపోకలు మరీ చెడ్డవి. ఆగిన కంప్రెసరులో రెండు వైపులా వాయు పీడనం సమానం కావడానికి సుమారు మూడు నిమిషాలు పడుతుంది. ఆలోగా మళ్లీ నడపబోతే మోటారు తిరగలేక, మామూలుకన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగి వేడెక్కుతుంది. కొత్త ఏసీల్లో ఈ ఆలస్యం ముందే అమర్చి ఉంటుంది, పాత ఫ్రిజ్‌లలో చాలావాటికి ఉండదు.

ఇన్వర్టరు గురించి వినియోగదారులకు దుకాణంలో వీఏ (వోల్ట్ ఆంపియర్) అంకె, అంటే ఒకేసారి ఎంత లోడు మోయగలదో చెబుతారు గానీ, ఎన్ని గంటలు నడుస్తుందో నిర్ణయించేది బ్యాటరీ. లెక్క కష్టమేమీ కాదు. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో కాగితం మీద 1,800 వాట్ అవర్లు ఉంటాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి అందులో 80 శాతం వాడామనుకుంటే 1,440. ఇన్వర్టరులో 15 శాతం వరకు పోతే మిగిలేది సుమారు 1,220. రెండు వందల వాట్ల లోడుకు అది ఆరు గంటలు, అదీ బ్యాటరీ కొత్తగా ఉన్నప్పుడు. పాత తరహా ఫ్యాను ఒక్కటే 75 వాట్ల దాకా తీసుకుంటుంది, కొత్త రకం బ్రష్‌లెస్ మోటారుతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు 30 వాట్లతో తిరుగుతుంది. రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చే సంగతి ఆలోచించమని చెప్పే అమ్మకందారు అరుదు. ఇక లెడ్ యాసిడ్ బ్యాటరీ చార్జింగులో హైడ్రోజన్ వెలువడుతుంది గనుక దాన్ని మూసిన అలమరలోనో, నూనె దీపం వెలిగించే గదిలోనో పెట్టకూడదు. నీళ్లు చేరే అవకాశమున్న ఇంట్లో నేల మీదా పెట్టకూడదు.

ఇన్వర్టరున్న ఇంట్లో మరో ప్రమాదం ఉంది. మెయిన్ ఆపినా ఇన్వర్టరు లైను మీదున్న సాకెట్లలో, దీపాల్లో కరెంటు అలాగే ఉంటుంది. మెయిన్ తీసేశాం కదా అన్న ధీమాతో హోల్డరులో చెయ్యి పెట్టేవారికి అది తెలియదు. ఇన్వర్టరుకు వేరే స్విచ్చు ఉండాలి, ఆ సంగతి బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. సౌర పలకలున్నవారికి ఎదురయ్యే ఆశ్చర్యం వేరే: బ్యాటరీ లేని మామూలు గ్రిడ్ అనుసంధాన వ్యవస్థ కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. పట్టపగలు ఎండ కాస్తున్నా ఇంట్లో దీపం వెలగదు. అది లోపం కాదు. ఇంటి పలకల నుంచి కరెంటు లైనులోకి ఎక్కి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కు తగలకుండా పెట్టిన ఏర్పాటు. కొనేటప్పుడే ఇది చెప్పాల్సిన బాధ్యత అమ్మేవారిది.

జనరేటరు వాడేవారు ఆ లైన్‌మన్‌నే మరింతగా గుర్తుంచుకోవాలి. రెండు చివరలా ప్లగ్గులున్న తీగతో జనరేటరును గోడ సాకెట్టుకు కలిపితే, ఆ కరెంటు సర్వీసు వైరు మీదుగా ట్రాన్స్‌ఫార్మరుకు ఎదురెక్కి, అవతలి వైపు వేల వోల్టులుగా మారుతుంది. ఇంటిని లైనుకో జనరేటరుకో ఒక్కదానికే కలిపే చేంజోవర్ స్విచ్చు లేకుండా జనరేటరును ఇంటి వైరింగుకు కలపడం నేరంగానే చూడాలి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలుపులకు, కిటికీలకు కనీసం ఆరు మీటర్ల దూరంలో, ఆరుబయటే దాన్ని నడపాలి. వరండా, మెట్ల కింది చోటు, సెల్లారు ఆరుబయట లెక్కలోకి రావు. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో మంచు తుపానుకు విద్యుత్ వ్యవస్థ కుదేలైనప్పుడు, చలికి కాక ఈ వాయువుకు ప్రాణాలు పోగొట్టుకున్నవారూ ఉన్నారు.

ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపలి చల్లదనం సుమారు నాలుగు గంటలు నిలుస్తుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లో 48 గంటలు, సగం ఉంటే 24 గంటలు. చాలా రకాల ఇన్సులిన్‌ను 30 డిగ్రీలు మించని చోట ఫ్రిజ్ బయట దాదాపు నాలుగు వారాలు ఉంచవచ్చు, కాబట్టి కరెంటు పోగానే కంగారుపడి దాన్ని మంచుగడ్డల మీద పెట్టనక్కర్లేదు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. ఎంతకాలమన్నది పెట్టెలోని కాగితం చూసుకోవాలి. ఆక్సిజన్ కాన్సంట్రేటరు మీద ఆధారపడిన మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఇన్వర్టరు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఆ యంత్రం వందల వాట్లు నిరంతరం తీసుకుంటుంది, పైన చెప్పిన బ్యాటరీ దానికి కొన్ని గంటలే. నిండిన సిలిండరు ఒకటి పక్కన ఉండి తీరాలి, సరఫరా సంస్థకు ఆ ఇంటి సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఇందులో గృహస్థు చేయలేనివీ ఉన్నాయి. వీధి న్యూట్రల్ జాయింట్లను గాలివాన కాలానికి ముందే తనిఖీ చేయడం, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర న్యూట్రల్ ఎర్తింగ్‌ను కొలవడం సరఫరా సంస్థల పని. న్యూట్రల్ తెగి పరికరాలు కాలితే 'మీ ఇంటి వైరింగులోనే లోపం' అని సిబ్బంది తేల్చేయడం నాకూ అనుభవమే; ఆ పూట ఎదురింటివారికీ అదే మాట చెప్పారు. ఫిర్యాదు అందిన వేళ, ఆ సమయంలో ఫీడరు స్థితి, దొరికిన లోపం వినియోగదారుకు లిఖితపూర్వకంగా ఇచ్చే పద్ధతి వస్తే ఈ వాదులాట చాలావరకు తగ్గుతుంది. కొత్త ఇళ్లు కట్టేవారు డిస్ట్రిబ్యూషన్ బోర్డులో వోల్టేజీ ప్రొటెక్టరుకు, సర్జ్ పరికరానికి ఖాళీ చోటైనా వదలాలి. ఇప్పుడు చాలా బోర్డుల్లో వాటిని బిగిద్దామన్నా చోటుండదు.

మీ పత్రికకు ఒక విన్నపం. మరమ్మతుల కోసం సరఫరా నిలిపే ప్రాంతాలు, వేళలు మీరు అచ్చువేస్తుంటారు. ఆ ప్రకటన కిందనే, కరెంటు తిరిగి వచ్చాక మూడు నిమిషాల పాటు ఫ్రిజ్, ఏసీల స్విచ్చులు వేయవద్దని ఒక వాక్యం, దీపాలు ఒకచోట మసకగానూ మరోచోట మితిమీరిన కాంతితోనూ వెలిగితే వెంటనే మెయిన్ ఆపమని మరో వాక్యం చేర్చగలరని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు